శుభ్రంగారి పొగ

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా! ఈ పెద్దమనిషిని మీరెరుగుదురు. మీ వీధిలోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు.

ఎనిమిది కుటుంబాలున్న ఆ మేడకు ఆయన కార్యదర్శి. అసలు పేరు అందరూ మరిచిపోయారు. 'శుభ్రంగారు' అనేదే పిలుపు. వాకిట్లో ఎండుటాకు పడితే ఆయనకు ముద్ద దిగదు. చెత్తబండి వచ్చేదాకా ఆగడం ఆయన వల్ల కాదు. పొద్దున్నే ఊడ్చే ఆవిడ నెత్తిమీద నిలబడి, రాలిన ఆకులూ, పాల ప్యాకెట్లూ, కూరల కవర్లూ అన్నీ వెనక గోడ పక్కన కుప్ప పోయించి, దగ్గరుండి నిప్పు పెట్టించేవాడు.

భర్త పోయాక ఆరేళ్ల కూతురితో తండ్రి దగ్గరే ఉంటూ, బడిలో పాఠాలు చెప్పుకునే ఆయన కూతురు ఒకరోజు అంది. "నాన్నా, ఆకులు చెట్ల మొదట్లో వేయిస్తే మట్టిలో కలిసిపోతాయి. కవర్లు బండికి ఇచ్చేద్దాం. కూరలకి ఇంట్లోంచి సంచి తీసుకెళ్తే అసలు కవరే రాదు."

"ఛీ ఛీ! వాకిట్లో చెత్త కుళ్లబెట్టుకుంటామా? సంచి వేలాడేసుకుని బజారుకెళ్తే నలుగురూ ఏమనుకుంటారు? అగ్గిపుల్ల గీస్తే పీడా పోయె!"

పీడా పోలేదు. పొగ పైకెక్కి మనవరాలి గదిలో తిష్ఠ వేసింది. పాపకు పిల్లికూతలు మొదలయ్యాయి. మనవరాలంటే తాతకు ప్రాణం. అంత ప్రాణమైతే ఏం చేయాలి? మంట ఆపాలి. ఆయన కిటికీలు మూయించాడు! గాలిని శుభ్రం చేసే మెషీను ఒకటి కొని, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. కింద మంట మాత్రం మండుతూనే ఉంది.

ఒకనాడు బడికి బయల్దేరిన పాప వెనక గేటు దగ్గర, ఆ పొగలోనే కూలబడింది. పెదాలు నీలం తిరిగాయి. ఊడ్చే ఆవిడే చీపురు పారేసి, పాపను ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తింది.

"ఇంటి చుట్టుపక్కల ఏమైనా కాలుస్తారా?" అని, వెనకే పరుగెత్తుకొచ్చిన శుభ్రంగారిని అడిగింది డాక్టరమ్మ.

"అబ్బే, మాది వీధిలోకెల్లా శుభ్రమైన ఇల్లమ్మా. చెత్త అన్నదే ఉంచం. ఎప్పటికప్పుడు తగలబెట్టిస్తాం" అన్నాడాయన గర్వంగా. మాట బయటికి వచ్చాకగానీ ఏమన్నాడో ఆయనకే తెలియలేదు.

"కంటికి కనపడకపోతే చెత్త పోయిందనుకున్నారు. అది పోలేదండీ, మీ పాప ఊపిరితిత్తుల్లో చేరింది" అంది డాక్టరమ్మ. "ఆకుల్ని మట్టికివ్వండి. ప్లాస్టిక్ కాల్చకండి, వీలైతే ఇంటికే తేకండి. ఇంతకంటే పెద్ద మందు నా దగ్గర లేదు."

ఇక్కడితో ఆయన మారిపోయాడని రాయాలని నాకూ ఉంది. మారలేదు. ఇంటికి రాగానే ఊడ్చే ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. "నా మనవరాలి ఉసురు పోసుకుంటున్నావు కదే! రేపట్నుంచి రావద్దు!"

"మీరు కాల్చమంటేనే కదయ్యా కాల్చాను? నాకూ ఏడాదిగా దగ్గే. ఒక్కరన్నా అడిగారా?"

మేడలో ఒక్కరూ నోరు విప్పలేదు. సిగ్గులేని మనుషులు! కాలిన కవర్లు వాళ్లవి కావూ?

పాప తేరుకుంది. కానీ కూతురు ఆస్పత్రి నుంచి ఆ ఇంటికి రాలేదు. బడి దగ్గర ఒక గది చూసుకుంది. శుభ్రంగారు అక్కడికి వెళ్లి బతిమాలాడు. "ఇంక ఎవరూ కాల్చరమ్మా. ఆవిణ్ణి తీసేశాను."

"కాల్పించింది మీరు నాన్నా. ఆవిణ్ణి తీసేస్తే ఏం లాభం? మీ ఇంట్లో దుమ్ము లేదు, ధూళి లేదు. నా బిడ్డ పీల్చుకోవడానికి గాలి కూడా లేదు" అని కూతురు తలుపు వేసుకుంది.