పై గ్యాలరీలో నలభై మంది

వరంగల్ పాత లైబ్రరీలో రామలింగం అటెండరుగా చేరి అప్పటికి పంతొమ్మిదేళ్లు. అంతకుముందు వడ్రంగం చేసేవాడు. రఘునాథపల్లిలో తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. కోత మిషన్ కింద కుడిచేతి రెండు వేళ్లు పోయాక మునుపటిలా పనిముట్టు పట్టలేక, ఎవరో పెద్దమనిషిని బతిమాలి ఈ కొలువులో కుదురుకున్నాడు. చేతులు పని మరిచినా చెవులు మరవలేదు. తలుపు కిర్రుమన్నా, బీరువా బిగుసుకున్నా ఆ కట్టెకు ఏమొచ్చిందో అతనికి ఇట్టే తెలిసిపోయేది.

ఆ లైబ్రరీ నిజాం కాలంలో ఊరి వర్తకులు చందాలు వేసుకుని కట్టించింది. నడుమ పెద్ద హాలు, హాలుకు మూడు వైపులా పైన చెక్క గ్యాలరీ. గ్యాలరీ కింద ఒక్క స్తంభం లేదు. గోడల్లోకి దిగేసిన టేకు దూలాలు బయటికి చాచుకుని, మొత్తం బరువంతా అవే మోసేవి. పైన అద్దాల పెట్టెల్లో తాటాకు గ్రంథాలు, పాత పటాలు. కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చూసినవాళ్లు ఈ లైబ్రరీ కూడా చూసి పోవడం ఈమధ్యనే మొదలైంది. అది సెక్రటరీ రాజేశ్వర్ రావు చలవ. ఆయన పేరున్న వకీలు. యాత్రా బస్సులు నడిపేవాళ్లకు తానే ఉత్తరాలు రాసి, రమ్మని పిలిచి, దగ్గరుండి అన్నీ చూపించేవాడు. లైబ్రరీ అంటే ఆయనకు ప్రాణం. ఆ మాట కాదనడానికి లేదు.

ఎనభై మూడులో వానలు విడవకుండా కురిశాయి. ఉత్తరం గోడ నెల రోజులుగా ఆరలేదు. అప్పటినుంచే, పొద్దున పేపర్ల బల్ల తుడుస్తుంటే రామలింగానికి సన్నటి గోధుమరంగు పొడి కనబడుతోంది. మొదటిరోజు దుమ్మనుకున్నాడు. రెండోరోజు వేలికి అంటించుకుని వాసన చూశాడు. పుచ్చు పొడి. నిచ్చెన వేసుకుని దూలాన్ని వేలి కణుపుతో కొట్టి చూస్తే, గోడ దగ్గర బోలుగా పలికింది. సెక్రటరీకి రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి ఆయన నవ్వి, ఆ టేకు తన తాత కంటే పాతదనీ, తన మనవల కంటే ఎక్కువ కాలం ఉంటుందనీ అన్నాడు. రెండోసారి, సరే, దసరా పోయాక ఎవరినైనా పిలిచి చూపిద్దాంలే అన్నాడు. ఈలోపు లోపలి గోడలన్నిటికీ తెల్లగా సున్నం వేయించాడు.

ఆ ఆదివారం సిద్దిపేట నుంచి యాత్రకు బయల్దేరిన వర్తకుల కుటుంబాలు బస్సులో వస్తున్నాయని ముందురోజే కబురు. రామలింగం రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే సెక్రటరీని కలిసి, పైకి పదిమంది చొప్పునే పంపుదామని అడిగాడు. ఆయన ఏదో కాగితం చూసుకుంటూ సరే అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని రామలింగం మెట్లకు అడ్డంగా తాడు కట్టాడు.

పదింటికి రావలసిన బస్సు కోట దగ్గర ఆలస్యమై పన్నెండు దాటాక వచ్చింది. దిగుతుండగానే వాన అందుకుంది. నలభై మంది పైచిలుకు జనం, ఆడవాళ్లు కొంగులు నెత్తిన వేసుకుని, మగవాళ్లు చెప్పులు చేతపట్టుకుని ఒక్కసారిగా హాల్లోకి దూసుకొచ్చారు. బస్సు వెంట వచ్చిన మేనేజరు వీరభద్రం గడియారం చూపించి, ఇరవై నిమిషాలే టైమని, అందరూ ఒకేసారి పైకెక్కి చూసి రావాలని గట్టిగా చెప్పాడు.

రామలింగం తాడు దగ్గర నిలబడి, పదిమంది చొప్పున పొమ్మన్నాడు. వెనక ఉన్నవాళ్లు గొణిగారు. వీరభద్రం సెక్రటరీ వైపు చూశాడు. పిలిచి తెచ్చుకున్న అతిథుల ముందు అటెండరు అడ్డం నిలవడం రాజేశ్వర్ రావుకు తలవంపులైంది.

"లింగం, పక్కకు జరుగు. నీ పని నువ్వు చూస్కో," అన్నాడు, గొంతు పెంచకుండానే.

రామలింగం జరిగాడు. తాడు విప్పి చేతికి చుట్టుకున్నాడు. తన పక్కనుంచి ఒక్కొక్కరే మెట్లెక్కుతుంటే, అడుగుల చప్పుడు పైన ఉత్తరం వైపు పోగవుతుంటే, తాడును ఇంకో చుట్టు బిగించాడు. పంతొమ్మిదేళ్లలో ఆయన మాటకు ఎదురు చెప్పింది లేదు. అలవాటే అతన్ని పక్కకు లాగేసింది.

తాటాకు గ్రంథాలున్న అద్దాల పెట్టె ఉత్తరం వైపే, బయటి అంచు పక్కన ఉంది. జనమంతా అక్కడే మూగారు. కొత్త సున్నం బట్టలకు అంటుతుందని ఎవరూ గోడవైపు నిలబడలేదు. అందరూ బయటి అంచున, చెక్క కటకటాలకు ఆనుకుని నిలబడ్డారు. రామలింగం పేపర్ల బల్ల దగ్గరికి వచ్చి తలెత్తాడు. బల్ల మీద పరిచిన దినపత్రికపై పొడి రాలుతోంది. రోజూ రాలినట్టు చిటికెడు కాదు. జల్లెడ పట్టినట్టు ఆగకుండా రాలుతోంది. నడిమి దూలం గోడలోంచి బయటికొచ్చే చోట, పైభాగాన, కొత్త సున్నంలో నల్లటి గీత ఒకటి తెరుచుకుంది. పొద్దున అది లేదు.

గట్టి కట్టె విరిగే ముందు అరుస్తుంది, మనిషికి తప్పుకునే వ్యవధి ఇస్తుంది. పుచ్చిన కట్టె అరవదు. ఇది తండ్రి చెప్పిన మాట. అరుద్దామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. కూలుతోందని ఒక్క కేక వేస్తే నలభై మందీ ఒక్కసారి మెట్లవైపు పరుగెత్తుతారు. ఆ అదురుకే దూలం ఊడి వస్తుంది.

బల్ల దగ్గర రోజూ వచ్చి కూర్చునే పోశయ్య ఒక్కడే చదువుకుంటున్నాడు. రామలింగం అతని చేతిలోని పేపరు మెల్లగా తీసుకుని, బయట వరండాలో వెలుతురు బాగుందని భుజం పట్టి లేపి పంపాడు. తర్వాత మెట్లెక్కాడు. తన బరువు కూడా ఆ దూలం మీద పడుతుందని తెలుసు. అయినా కింద నిలబడి చెప్తే వినేవాళ్లెవరూ లేరు. పైమెట్టు మీద ఆగి, పెళ్లిపందిట్లో పిలిచే మనిషిలా ముఖం పెట్టుకుని, నిదానంగా అన్నాడు.

"అమ్మా, అయ్యా, వెనక పంచల మీకు విస్తర్లేసినం. అన్నం వేడివేడిగున్నది. మెట్లు తడిగున్నయ్, ఒకరెనక ఒకరు నిమ్మళంగ రావాలె. గోడ పక్కనుంచి రాండ్రి. సున్నం అంటినా ఫికర్ లేదు, దులిపితే పోతది."

పొద్దుటినుంచి కోటంతా తిరిగిన కడుపులు. భద్రకాళి దగ్గర రెండింటికి గానీ భోజనం లేదని చెప్పుకుని వచ్చినవాళ్లు. ముఖాలు విప్పారాయి. ముందు ముసలివాళ్లు, తర్వాత పిల్లలున్నవాళ్లు అంటూ అతను చేయి చాచి ఒక్కొక్కరినీ గోడవైపు నడిపించాడు. ఒకాయన తొందరపడి దాటబోతే, నవ్వుతూనే మోచేయి పట్టి ఆపాడు. ఆ పట్టుకు ఆయన ఉలిక్కిపడి చూశాడు గానీ ఆగాడు. పది మంది దిగారు. ఇరవై మంది దిగారు. పాదాల కింద పలక మెత్తగా, తడి నేలలాగా కుంగి లేస్తోంది. రామలింగం నవ్వు ముఖం మీదే ఉంది. చొక్కా మాత్రం వీపుకు అతుక్కుపోయింది.

చివరికి ముగ్గురు మిగిలారు. రాజేశ్వర్ రావు, వీరభద్రం, నేలమీద చతికిలబడి అద్దాల పెట్టెలోకి చూస్తున్న ఒక ముసలమ్మ. పేరు భద్రమ్మ. మోకాళ్ల నొప్పులని అక్కడే కూర్చుండిపోయింది. భోజనం మాట విని వీరభద్రం ఆశ్చర్యపోతూనే కిందికి పోయాడు. సెక్రటరీ ముఖం కందగడ్డలా ఉంది. ఎవరిని అడిగి భోజనాలు పెట్టించావని పళ్లు బిగించి అడిగాడు. రామలింగం ముసలమ్మ వైపు వంగి, అన్నానికి లేవమన్నాడు.

"నాకియ్యాల ఏకాదశి బిడ్డా, ఒక్కపొద్దు. మీరు పోండ్రి. నేను జరసేపు ఈ ఆకులు చూసుకుంట కూసుంట," అంది ఆమె.

అతను అల్లిన అబద్ధం అక్కడికి అయిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని ఆమె కళ్లలోకి చూశాడు.

"అన్నం లేదవ్వా. అబద్ధమాడిన. మనం కూసున్న దూలం గోడలకెల్లి ఊడుతాంది. లేసి నిలబడకు. కూసునే, గోడకు ఆనుకుని జరుగు. నేను ముందు జరుగుత, నా చెయ్యి ఇడువకు."

భద్రమ్మ ఒక్క క్షణం అతన్ని చూసింది. కొంగు నడుముకు చెక్కుకుని, అరచేతులు నేలకు ఆనించి, గోడ వెంబడి జరగడం మొదలుపెట్టింది. రాజేశ్వర్ రావు ఏదో అనబోయి, అడుగు వేశాడు. ఆ అడుగు కింద పలక ఒరిగింది. కొద్దిగానే. పెట్టెలోని అద్దం గలగలమంది. ఆయన రెండు చేతులూ గోడకు చాచి అట్లాగే అతుక్కుపోయాడు. కదలమంటే కదలడు. నల్లకోటు వేసుకుని కోర్టులో గంటలకొద్దీ వాదించే మనిషి సున్నం గోడకు చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు.

రామలింగం ముసలమ్మను మెట్లదాకా చేర్చి, వెనక్కి తిరిగాడు. రావాలా వద్దా అని అతనికీ ఒక క్షణం అనిపించింది. వచ్చాడు. సెక్రటరీ మణికట్టు పట్టుకుని, నా కాళ్లే చూడండి సార్, నేను పెట్టిన దగ్గర్నే పెట్టండి అంటూ అడుగడుగునా తీసుకొచ్చాడు. పన్నెండు అడుగుల దూరం. మెట్ల మీద కాలు పెట్టేదాకా ఆ మణికట్టు వదలలేదు.

హాలు తలుపు మూసి తాళం వేసి వెనక వసారా పంచకు వెళ్లేసరికి నలభై మంది ఉత్త నేల చుట్టూ నిలబడి ఉన్నారు. విస్తర్లు ఏవని వీరభద్రం మీదికి వచ్చాడు. రామలింగం చేతులు కట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు కిటికీలోంచి లోపలికి చూశారు. గ్యాలరీ ఎప్పటిలా నిలబడే ఉంది. ఒకరిద్దరు నవ్వారు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే తల్లులు తిట్టారు. పెద్దమనుషులను కూటికని పిలిచి ఎగతాళి చేస్తావా అని ఒకాయన మండిపడ్డాడు. చివరికి వీరభద్రం సెక్రటరీనే అడిగాడు, ఇది నిజమేనా సార్ అని.

అందరూ ఆయన వైపు తిరిగారు. రాజేశ్వర్ రావు భుజానికి అంటిన సున్నం దులుపుకుంటున్నాడు. తాను పిలిచి తెచ్చిన జనం, తాను ఊరంతా చాటుకున్న కట్టడం.

"మావోనికి భయం జర ఎక్కువ," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

పైన తనను వణికించిన దానికంటే ఆ మాట రామలింగాన్ని ఎక్కువగా కోసింది. అతను తల వంచుకున్నాడు. అరుగు మీద కూర్చున్న భద్రమ్మ అప్పుడు నోరు విప్పింది. నా కింద చెక్క కదిలింది, నాకెరుకే అని ఒక్క మాటంది. తనవాళ్లను బస్సెక్కమంది. పోతూ పోతూ రామలింగం మూడు వేళ్ల చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు పట్టుకుంది.

సాయంత్రం ఇంట్లో భార్య కళావతి సంగతంతా విని, నలభై మందిని కాచినవు, వాళ్లు ఏమంటే ఏంది అంది. రామలింగం అన్నం కలుపుతూ ఆగాడు. మెట్ల దగ్గర అడ్డం నిలబడి ఉంటే కాచే పనే పడేది కాదు గదా, జరుగమనంగనే ఎందుకు జరిగిన అన్నాడు. చేయి కడుక్కుని, అటక మీద పాత సంచీలోంచి తండ్రి ఉలి తీసుకుని మళ్లీ లైబ్రరీకి పోయాడు.

నిచ్చెనను గోడవారగా, దూలానికి పక్కన వేసుకుని, ఎడమచేత్తో సున్నం గీకి, దూలం గోడలోకి పోయే చోట ఉలి ఆనించాడు. సుత్తి అవసరం పడలేదు. బొటనవేలితో నొక్కితే ఉలి పిడిదాకా దిగిపోయింది. బయటికి లాగితే తడిసిన పొడి ముద్దలు ముద్దలుగా ఊడి వచ్చింది. అది తువ్వాలులో మూటగట్టుకుని రాజేశ్వర్ రావు ఇంటికి నడిచాడు. ఆయన వరండాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. రామలింగం మూట విప్పి ముందు పెట్టాడు. ఆయన ఆ పొడిని వేళ్లతో నలిపి చూశాడు. ఎంత లోతుందని అడిగాడు. ఉలి మొత్తం పట్టింది సార్ అన్నాడు రామలింగం.

మర్నాడు తెల్లవారుతుండగా లైబ్రరీ ముందు ఎడ్లబండి ఆగింది. బండినిండా ఊతకు నిలబెట్టే పొడవాటి సరివి కట్టెలు, పక్కన రాజేశ్వర్ రావు. కోటు లేదు, చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. రాత్రే సిద్దిపేట వర్తకులకు ఉత్తరం రాసి పోస్టు చేశానని, లింగం చెప్పిందే నిజమని అందులో రాశానని చెప్పాడు. క్షమించమని మాత్రం అనలేదు. రామలింగం అడగనూ లేదు. ఇద్దరూ కలిసి మొదటి కట్టెను హాల్లోకి మోసుకొచ్చి నడిమి దూలం కింద నిలబెట్టారు. సెక్రటరీ దాన్ని రెండు చేతులా కదలకుండా పట్టుకున్నాడు. ఇంకొంచెం ఎడమకు అన్నాడు రామలింగం. ఆయన జరిపాడు. రామలింగం వంగి, కట్టె అడుగున బిగుతుకు చెక్క చీల పెట్టి, సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు.