తెల్లారేదాకా

తెల్లారకుండా లేవాలి. మా ఇంట్లో ఆడవాళ్ళకి అది మొదటి పని. కళ్ళాపి, పాలు, పొయ్యి అన్నీ ఆ తరవాతే. అత్త దాలమ్మ ముందు, చెంబు పట్టుకుని వెనక నేను, చీకట్లో మొగలి పొదల దాకా వెళ్ళి, మగవాళ్ళు కాలవగట్టు మీదికి రాకముందే తిరిగొచ్చెయ్యాలి. మగవాళ్ళు మాత్రం చుట్ట కాల్చుకుంటూ ఎప్పుడైనా వెళ్ళొచ్చు. సిగ్గంతా మా వాటాకే వచ్చింది మరి.

నిరుడు వరి ఉడుపుల్లో కళ్ళు తిరిగి మడిలో పడిపోతే విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఒంట్లో రక్తమే లేదన్నాడు డాక్టరు. దొడ్డికి వెళ్ళినప్పుడు నెత్తురు పడుతోందా అని అడిగాడు. తెలీదన్నాను. నీ ఒంటి సంగతి నీకు తెలీదా అని విసుక్కున్నాడు. చీకట్లో వెళ్ళి చీకట్లో వచ్చేదానికి ఏం తెలుస్తుంది? గొట్టం పెట్టి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. పేగులో పుట్టగొడుగులాంటి కండ పెరిగిందట, కోసేశారు. ఇంకా రాచపుండు కాలేదు, వదిలేస్తే అయ్యేదేమో, మళ్ళీ మొలవొచ్చు, బాగానే ఉన్నా ఏడాది తిరగ్గానే వచ్చి చూపించుకోవాలి అన్నాడు. మీ అమ్మ ఎలా పోయిందని కూడా అడిగాడు. మూలశంక అన్నారు బాబూ, ఆకు పసర్లు పోశారు, చిక్కి పుల్లయిపోయింది అన్నాను. ఆయన తల దించుకుని చీటీ మీద ఏదో రాసుకున్నాడు. ఆ రాతే అప్పట్నించీ నన్ను పీక్కు తింటోంది.

మళ్ళీ ఉడుపులొచ్చాయి. ఆసుపత్రికి వెళ్దామని మా ఆయన జగన్నాధంతో చెప్పాను.

"నొప్పున్నాదేటి? నేదు కదా. నొప్పి నేని రోగానికి పట్నమేటే? ఉడుపులయ్యాక సూద్దాం" అన్నాడు.

ఎద్దు కుంటితే ఆ పూటే నరసన్నపేట పశువులాసుపత్రికి పరిగెత్తే మనిషి! ఉడుపులయ్యాక కలుపు, కలుపయ్యాక కోత. నాకు తెలీదా ఈ వరస? భయంతో అన్నం సయించడం లేదు. కళ్ళు మూస్తే చివరి రోజుల్లో అమ్మ కాళ్ళు కనబడుతున్నాయి. తొడల కన్నా మోకాళ్ళే లావుగా ఉండేవి.

ఈవేళ అత్తతో పాటే వెళ్ళాను. పని అయిపోయినా లేవలేదు. తూరుపు తెల్లబడింది. చూడాలంటే చచ్చేంత భయం, చూడకుండా లేవాలంటే అంతకన్నా భయం. గట్టు మీద ఎవరిదో దగ్గు వినబడింది. అత్త కంగారుపడిపోయింది.

"ఒసే గౌరీ, లెగే. మగోళ్ళొస్తన్నారు, సూస్తారే."

"సూడనీ అత్తా. ముందు నన్ను సూసుకోనీ."

వెలుగొచ్చింది. చూశాను. ఎర్రగా ఉంది.

ఎలాగో లేచి నిలబడి, ఈ పూటే బస్సెక్కుతాను, ఎవర్నీ అడగను అన్నాను. అత్త తిడుతుందనుకున్నాను, ఉడుపులకి మనిషి తక్కువవుతుందని. ఆవిడ వంగి నేలకేసి చాలాసేపు చూసింది. లేచేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నానెప్పుడూ సూసుకోనేదే" అంది.