అరచేతి వెచ్చదనం

గిన్నెలు తోముతుంటే ఆమె బొటనవేలి కట్టు తడిసిపోయింది. మొన్న కూర తరుగుతుండగా తెగిన గాయం, కాస్త చీము పట్టింది. చిన్న గాటుకే ఇంత హంగామా ఎందుకని ఆ రోజే భర్త తేల్చేశాడు. రోజంతా కుర్చీలో కూర్చుని భూతద్దంలో చూసేదీ ఒక పనేనా అన్నది అత్తగారి పాత పాట. చీము అంటే సూక్ష్మజీవులను మింగి, ఆ పోరులో తామూ రాలిపోయిన తెల్ల రక్తకణాల గుట్ట అని ఇద్దరికీ చెప్పాలనుకుంది. ఇంతలో బస్సు వేళైంది.

ప్రయోగశాలలో ఆమెది పదిహేనేళ్ళ అనుభవం. ఒక తెల్లకణం సూక్ష్మజీవిని వెంటాడి మింగే వీడియో ఆమె తీసిందే. అక్కడి పెద్ద డాక్టరు మాత్రం ప్రతి సభలోనూ దాన్ని తన ఖాతాలో వేసుకుంటాడు. ఇవాళ కొత్త విద్యార్థులకు ఆ దృశ్యాన్ని కళ్ళెదుటే చూపాలి. ఆమె తన రెండో చేతి వేలినే సూదితో పొడుచుకుని, రక్తపు బొట్టులో సూక్ష్మజీవులను కలిపి గాజుపలక సిద్ధం చేసింది. వెచ్చగా ఉంచాలని మరీ మరీ చెప్పింది. ఆయన వినీ విననట్టు దాన్ని ఏసీ కింద పెట్టి, ఆ వీడియో చూపిస్తూ అరగంట ఉపన్యాసం దంచాడు. తీరా సూక్ష్మదర్శిని యంత్రం కింద పెట్టి చూస్తే తెరమీద కణాలు ఉలకవు, పలకవు.

"చచ్చిపోయాయి. ఈవిడ సరిగ్గా చేసినట్టు లేదు," అన్నాడు.

ఇలాంటి మాటలు దిగమింగడం ఆమెకు కొత్త కాదు. ఈసారి మాత్రం గొంతు దిగలేదు.

"చావలేదు సార్. చలికి ముడుచుకున్నాయి."

గాజుపలకను అరచేతిలో పెట్టుకుని ఐదు నిమిషాలు నిలబడింది. గదిలో అందరూ తన కోసం ఆగడం ఆమెకు అదే మొదటిసారి. పలకను మళ్ళీ యంత్రం కిందికి చేర్చి, వేడి తగిలేలా టేబుల్ లైటు దగ్గరికి లాగింది. తెరమీద ఒక కణం ఒళ్ళు విరుచుకుంది. పాదంలాంటి కొసను చాపి, సూక్ష్మజీవిని చుట్టుముట్టి, పొట్టలో దాచేసుకుంది. కాసేపటికి ఆ నల్లని చుక్క కరగసాగింది.

"ఆ వీడియో కూడా మీరే తీశారా మేడమ్?" ఓ విద్యార్థిని అడిగింది.

పెద్ద డాక్టరు గొంతు సవరించుకునేలోగా, "నేనే తీశాను," అంది.

సాయంత్రం ఇంటికొచ్చి, వేలు మానేదాకా గిన్నెలు తోమమని భర్తకు చెప్పింది. నాలుగు రోజులేగా అని అతను ఒప్పుకున్నాడు. ఐదో రోజు కట్టు విప్పి, మానిన వేలు చూపించింది. హమ్మయ్య అనుకుంటూ అతను తోముడుపీచు ఆమె ముందుకు తోశాడు.

"వేలు దాని పని అది చేసుకుంది. గిన్నెలు మాత్రం ఇక రోజూ మీవే," అంటూ ఆమె కుర్చీ లాక్కుని అత్తగారి పక్కన కూర్చుంది. "మీరన్నది నిజమే అత్తయ్యా, కుర్చీలో కూర్చుంటే హాయిగానే ఉంది."