ఎడమ పెట్టె

కుక్కర్ రెండో కూత వేయకముందే దించేస్తాను. సాయంత్రం అయ్యిందంటే మా ఆయన, సంసోను, పాట వింటారు. ముందుగదిలో రెండు స్పీకర్ పెట్టెలు, వాటి ఎదురుగా సరిగ్గా మధ్యలో ఒక కుర్చీ. "ఈడ కూసుంటేనే గొంతు నడుమకు వస్తది. జానెడు జరిగినా చెడిపోతది," అంటారు. పాప ఏడిస్తే నేను వెనక వాకిట్లోకి పరుగెత్తాలి. ఎంత పరుగెత్తినా అత్తమ్మ మాట వెనకే వస్తుంది. "మగోడు పాట ఇంటుంటే పిల్లను ఊకోబెట్టరాదా?" వంటింటి గుమ్మం పక్కనున్న ఎడమ పెట్టె ఒక్కటే నాకు వినిపిస్తుంది. కొంచెం గొంతు, కొంచెం తబలా. రెండేళ్లుగా అంతే.

పక్కింటి నిర్మలక్క వాళ్లు హైదరాబాద్ నుంచి ఐదు పెట్టెల సెట్టు తెప్పించారు. ముందు మూడు, వెనక రెండు. వెనక వాటిలో ఒకటి ఏకంగా ఆమె వంటింటి తలుపు పైనే. పదో తరగతి మధ్యలో మాన్పించి నాకు పెళ్లి చేశారు, ఆమె డిగ్రీ చదివింది. దానికి కూడా నేను ఇంతగా కుళ్లుకోలేదు. ఆ పెట్టె వచ్చాక ఆమె తాలింపు వాసన తగిలినా కడుపు మండేది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా ఆయన రోజూ వినే క్యాసెట్ పట్టుకొని, ఎవరి సెట్టు బాగుందో తేల్చాలని వాళ్లింటికి నడిచారు. నిర్మలక్క భర్త భద్రు ఆ పాట పెట్టారు.

"నాలుగు దిక్కుల మోగుతుంటే సినిమా హాల్ల కూసున్నట్టు లేదా సంసోనూ?"

"సినిమాకైతే మంచిదే భద్రన్నా. పాటకు రెండే ఉండాలె. గొంతు ఓ కాడ నిలవాలె గద."

వాళ్లు తేల్చుకునేలోగా మేము చాయ్ పెట్టాలి. పాపను చంకన వేసుకొని నిర్మలక్క వెనకే వంటింట్లోకి వెళ్లాను. "నీకేందక్కా, వంటింటికి సుత పాట వస్తది," అన్నాను. నవ్వుతూ అన్నాననే అనుకున్నాను.

నిర్మలక్క స్టవ్ తగ్గించింది. "ఓసారి చెవి పెట్టి ఇను సంపూర్ణా."

విన్నాను. పాటలో ఒక్క మాట కూడా లేదు. పక్క వీధిలో ఎవరో పాడి ఆపేస్తే మిగిలినట్టు, ఉత్త ప్రతిధ్వని.

"వెనక పెట్టెలకు గంతే వస్తదట," అంది. "సెట్టు వచ్చి రెండు నెలలాయె. చాయ్ వడపోస్తవా?"

నా కుళ్లు చల్లారలేదు. ఆమెను వదిలి మా ఇంటి కుర్చీ మీదికి పోయింది.

సాయంత్రం ఆయన "మనదే గెలిచింది" అని అత్తమ్మకు చెబుతూ క్యాసెట్ పెట్టి వెనక్కి తిరిగారు. పాపను ఆయన చేతుల్లో పెట్టి కుర్చీలో కూర్చున్నాను. అత్తమ్మ చిక్కుడుకాయలు ఈనె తీయడం ఆపింది.

"పొయ్యి మీద పప్పుంది. మాడకుండ చూడుండ్రి," అన్నాను.

గొంతు నా ముందుకొచ్చి నిలబడింది. దానికి కుడివైపు నుంచి ఒక వేణువు జవాబు చెబుతోంది. రెండేళ్లుగా ఈ పాటలో వేణువు ఉందని నాకు తెలియదు.

ఆయన పాపను ఎత్తుకొని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. కాసేపటికి అన్నారు, "ఈడికి సక్కగ ఇనపడ్తలేదు."

"అవ్," అన్నాను, కళ్లు తెరవకుండానే. "ఆడికి రాదు."