ఆరో కిలోమీటరు దగ్గర నత్తి

“మిస్సింగయ్యా మిస్సింగ్! కారు మళ్ళీ మిస్సింగ్!”

పొద్దున్నే మెకానిక్‌కి ఫోన్ చేసి గోపాలకృష్ణమూర్తి పెట్టిన కేక గోడ దాటి పక్కింటి తాతాజీ చెవిన పడింది. నోట్లో పేస్టు నురగతో, చేతిలో కర్రతో పరిగెత్తుకొచ్చాడు.

“ఎవడెత్తుకుపోయాడండీ? పదండి, స్టేషనుకెళ్దాం!” అంటూ కర్రని ఆ కారుకే ఆనించి ఆయాసపడ్డాడు.

“కారు ఇదిగోనండీ! మెకానిక్కుల భాషలో మిస్సింగంటే ఇంజను నడుస్తూ నడుస్తూ తడబడ్డం.”

“నత్తి అని చెప్పొచ్చుగదండీ, ఈపాటికి పళ్ళు తోముకోవడం అయిపోయేది,” అని తాతాజీ వెళ్ళిపోయాడు.

పోయింది కారు కాదు, మూర్తి నిద్ర. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకుంటూ, రాజమండ్రిలో సొంతింటి పెరట్లో, ఒక పాత టాక్సీ ఇంజను చుట్టూ ఆరేళ్ళపాటు ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కట్టాడాయన. మొదటి రెండేళ్ళూ అది కారు కాదు. తర్వాత రెండేళ్ళూ ఆయిలు కారడమే దాని పని. ఆఖరి రెండేళ్ళకి కారైంది. తీరా రిజిస్ట్రేషన్ కోసం పోయిన మంగళవారం బ్రేకు ఇన్‌స్పెక్టరుని పక్కన కూచోబెట్టుకుని ధవళేశ్వరం రోడ్డెక్కితే, ఆయన బ్రేకు వెయ్యమనకముందే, ఆరో కిలోమీటరు దగ్గర దగ్గి దగ్గి ఆగిపోయింది.

“వచ్చే మంగళవారం ఇంకొక్క ఛాన్సిస్తాను మాస్టారూ. మళ్ళీ ఆగిందంటే సంతకం పెట్టను. విడదీసి అమ్ముకోండి,” అన్నాడాయన.

ఆ మంగళవారం ఇవాళే. పదకొండింటికి.

ఈ వారంలో మెకానిక్ రాజరత్నం ప్లగ్గులు మార్చాడు, కాయిల్ మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు. షెడ్డులో గంటసేపు నడిపినా ఇంజను తుమ్మేది కాదు. రోడ్డెక్కిందా, ఆరో కిలోమీటరే. మూర్తి భార్య సీతారామలక్ష్మి పోయిన మంగళవారం నుంచే తన వంతు తను చేస్తోంది. కారూ ఎరుపే, కుంకుమా ఎరుపే, పెట్టినా కనబడదు కదా అని, వెనక తళతళలాడే ఇత్తడి పెట్రోలు మూత నడినెత్తిన గంధం మెత్తి, దానిమీద అన్నవరం కుంకుమ పెట్టి మరీ పంపేది. కారు ఆగినకొద్దీ బొట్టు పెద్దదైంది.

ఎనిమిదింటికి రాజరత్నం రాగానే ఇద్దరూ బయల్దేరారు. ఆరో కిలోమీటరు దగ్గర ఫట్, ఫట్, ఫట్. ఆగింది.

రాజరత్నం అలవాటుగా పెట్రోలు కొలిచే పుల్ల పట్టుకుని మూత తిప్పాడు. “స్స్” మంటూ గాలి లోపలికి పోయింది. అతను అక్కడే నిలబడిపోయాడు.

“మాస్టారూ, ఇది ఆగినప్పుడల్లా ఏం చేస్తున్నామండీ?”

“మూత తీసి, పెట్రోలుందో లేదో చూస్తున్నాం.”

“ఆ తర్వాతండీ?”

“స్టార్టవుతోంది.”

“మరి షెడ్డులోనండీ?”

“షెడ్డులో పుల్ల ట్యాంకులోనే ఉంటుంది. మూత బల్ల మీద...” మూర్తి మాట సగంలో ఆగింది.

రాజరత్నం స్క్రూడ్రైవరుతో గంధం పెచ్చు లేపాడు. కింద, ట్యాంకులోకి గాలి పోవడానికి మూర్తి తన చేత్తో వేసిన సన్నటి కన్నం. నిండా గంధం, సిమెంటులా బిగుసుకుపోయి ఉంది.

“ఇదేనంటావా?” అన్నాడు మూర్తి.

“ఇదేనండీ,” అని, కన్నం పొడిచి శుభ్రం చేశాక, “అనుకుంటున్నానండీ,” అన్నాడు రాజరత్నం.

“అనుకుంటే చాలదయ్యా,” అంటూ మూర్తి కారుని ఇంటివైపు తిప్పాడు. మూత తీశాక మరో ఆరు కిలోమీటర్లు నడవడం మామూలే. ఇల్లూ అంతే దూరం. కారు ఆగకుండా ఇల్లు చేరింది గానీ దాంతో తేలిందేమీ లేదు.

కాగితాల కోసం మూర్తి ఇంట్లోకి పోయి వచ్చేసరికి సీతారామలక్ష్మి గంధం గిన్నెతో కారు వెనక నిలబడి ఉంది.

“అయ్యో, బొట్టు చెరిగిపోయిందేంటండీ? ఉండండి, ఒక్క క్షణం...”

“వద్దు! ముట్టుకోకు!”

వీధి వీధంతా తిరిగి చూసింది. ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. టైము పదిన్నర దాటింది. ఏం చెప్పాలన్నా ఐదు నిమిషాలు పట్టేలా ఉంది. మూర్తి ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

ఇన్‌స్పెక్టరు ఎక్కాడు. నాలుగో కిలోమీటరు, ఐదు. మూర్తి కళ్ళు రోడ్డు మీద, చెవులు ఇంజనులో. ఆరో రాయి కనబడగానే ఊపిరి బిగబట్టాడు. ఇంజను మాత్రం బిగబట్టలేదు. ఏడు. ఎనిమిది. పదో కిలోమీటరు దగ్గర, “చాల్లెండి, తిప్పండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆఫీసుకెళ్ళాక సంతకం పెట్టాడు.

ఇంటి ముందు అందరూ మూగారు. సీతారామలక్ష్మి మాత్రం గుమ్మం దిగలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“సీతా, అది... నీ బొట్టు వల్ల...” అన్నాడు మూర్తి.

“నా చెయ్యి మంచిది కాదంటారు. అంతేగా?”

“అమ్మగారూ, ఒక కొబ్బరికాయ ఇస్తారా అండీ?” అని రాజరత్నం అడ్డొచ్చాడు.

అందరి ముందూ కాయకి ఒక్క కన్నం పొడిచి గ్లాసు మీద బోర్లించాడు. నీళ్ళు బుడుంగుమని ఆగాయి, మళ్ళీ బుడుంగుమని ఆగాయి. రెండో కన్నం పొడిచాడు. ధార కట్టింది.

“గాలి లోపలికెళ్తేనే నీళ్ళు బయటికొస్తాయండి. పెట్రోలూ అంతేనండి. ట్యాంకు మూతలో ఉన్న గాలి కన్నం గంధంతో పూడిపోయిందండి. చేతి మంచీచెడ్డా ఏం లేదండీ, ఆయ్!”

సీతారామలక్ష్మి గ్లాసు వంక చూసింది, మూత వంక చూసింది, మొగుడి వైపు తిరిగింది.

“ఆరేళ్ళు కట్టారు. అది ఊపిరెక్కణ్ణుంచి పీలుస్తుందో ఒక్క ముక్క నాకు చెప్పారా?”

పాలిటెక్నిక్ మేస్టారు మూత విప్పి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

అప్పుడే ఎదురింటి పెద్దావిడ ఆదుర్దాగా వచ్చి, “ఏమైందమ్మా?” అంది.

“ఏం లేదు పిన్నిగారూ,” అంది సీతారామలక్ష్మి, గుమ్మం దిగుతూ. “నేను బొట్టు పెడుతున్నాననుకుని వారం రోజులు కారు ముక్కు మూశాను. ఈయనేమో దాని గొంతుకి వైద్యం చేయించారు.”