చలికాలపు తోబు

సౌదీలోని ఉనైజా బజారులో అబూ సాలెహ్ స్టూడియోకు రాజేశం వచ్చి పద్నాలుగేళ్లు. ఇప్పుడు షాపులో సౌదీవాళ్లు ఇంతమంది ఉండాలనే నితాఖత్ లెక్క తప్పి షాపు రెడ్‌లో పడేలా ఉంది, దానికి తోడు పరాయి దేశపు పనివాడి మీద సర్కారుకు కట్టాల్సిన లెవీ. "స్కాన్ చేసేది మెషీను, నువ్వు కాదు కదా" అంటూ అతనికి వీసా ఇచ్చిన కఫీల్ అబూ సాలెహ్ అతన్ని దేశానికి పంపేసే ఎగ్జిట్ కాగితం నింపేశాడు. సంతకం ఆదివారం అన్నాడు. జగిత్యాలలో బిడ్డ నర్సింగ్ ఇంకా రెండేళ్లుంది.

గురువారం సులేమాన్ అనే ముసలాయన వచ్చి ఫొటోలు కౌంటర్ మీద విసిరికొట్టాడు. తన పాత కలర్ నెగెటివ్‌ల నుంచి తీయించుకున్నవి. చనిపోయిన తండ్రి ఖర్జూర తోటలో కూర్చుని ఉన్నాడు.

"మా నాన్నను శవంలా నీలంగా చేశారు!"

చేసింది రాజేశమే. నెగెటివ్ అంటేనే కొంటె సరుకు, రంగులన్నీ తలకిందులు, పైగా ఫిల్ముకే ఒక నారింజ రంగు. దాన్ని సరిచేయడానికి అక్కడి స్టూడియోవాళ్లకు ఒక అడ్డదారి ఉంది. ఫొటోలో తోబు, అదే అరబ్బులు తొడిగే కాళ్లదాకా ఉండే అంగీ, కనిపిస్తే చాలు, దాని మీద నొక్కి 'ఇదే తెలుపు' అని మెషీనుకు చెప్పేయడం. మగవాళ్లందరివీ తెల్ల తోబులే కదా! ఇన్నేళ్లూ అలాగే చెల్లింది.

రాజేశం ఫొటోను కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. పెద్దాయన భుజాల మీద గొర్రెతోలు కోటు, ముందు నెగడు. చలికాలం! చలికాలంలో ఈ ఊరివాళ్లు తెల్ల తోబు ఎక్కడ తొడుగుతారు? గోధుమ రంగు బట్టను పట్టుకుని తెలుపని అబద్ధం చెబితే, పాపం మెషీను నమ్మి అంతా నీలం చేసింది. రాజేశం తన నెత్తిన తనే మొట్టుకున్నాడు.

"శనివారం రండి, మీ నాన్నను మీకు చూపిస్తా" అన్నాడు.

ఈసారి తోబు జోలికి పోలేదు. రెండు బొమ్మల మధ్య ఏమీ పడని ఖాళీ ఫిల్ము ఉంటుంది. అది ఏ కాలంలోనూ అబద్ధమాడదు. ముందు దాని రంగు కొలిచి తీసేశాడు. మెషీను సొంత తెలివిని ఆపేసి, ఫిల్ము మొత్తానికీ అదే కొలత పెట్టాడు. ఇసుక ఇసుకలా తేలింది. తర్వాత ముఖం తేలింది, ఎండకు కాలిన రైతు ముఖం. రాజేశానికి ఒళ్లు పులకరించింది.

శనివారం సులేమాన్ చంకలో మూటతో వచ్చాడు. అందులో తండ్రి తోబు, ఇన్నేళ్లూ పెట్టెలో దాచింది. దాని చేతిని ఫొటో పక్కన పరిచాడు. అదే గోధుమ రంగు, పిసరంత తేడా లేదు. ముసలాయన వంగి ఫొటోలో తండ్రి నుదుటిని ముద్దు పెట్టుకుని భోరుమన్నాడు.

"ఏ మెషీనయ్యా ఇది? మా అన్నదమ్ముల ఇళ్లలో పెట్టెలకొద్దీ నెగెటివ్‌లున్నాయి!"

అబూ సాలెహ్ లేచి కౌంటర్ దగ్గరికొచ్చాడు. "మెషీను కాదు. మా రాజేశం."

ఆ మాట అన్నాక ఇక ఆగలేదు. సొరుగులోంచి ఎగ్జిట్ కాగితం తీసి చింపేశాడు. నితాఖత్ లెక్కకు ఇంట్లో కాళ్లు చాపుకున్న తన ఇద్దరు కొడుకులనూ షాపులో పెట్టుకుంటానన్నాడు.

రాజేశం బయటికొచ్చి భార్యకు ఫోన్ చేశాడు.

"ఏందయ్యా, వస్తున్నవా?" అంది లస్మవ్వ.

"వస్తలేనే, కాయిదం చింపిండు!" అని బజారంతా వినబడేలా అరిచాడు. "నీ మొగడు మెషీను కాదట!"