అంగుళం దూరంలో ఆగిన గిన్నె

నేను ఒక ఇత్తడి గిన్నెను. పైన వెండి పూత ఉంది కాబట్టి అందరూ వెండి గిన్నె అనుకుంటారు. నేనూ ఎప్పుడూ కాదనలేదు. నన్ను చేసిన కంచరి ఒకే రేకును రెండుగా కోశాడు. ఒక ముక్క నేనయ్యాను. రెండోది ఎవరో కరణంగారు తాంబూలం ఉమ్మే తమ్మపడిగ అయింది. నేను రేపల్లె దగ్గర ఒక చర్చికి చేరి, ప్రభు బల్ల మీద ద్రాక్షరసం పట్టుకునే గిన్నెనయ్యాను. ఆ తోబుట్టువు సంగతి నలభై ఏళ్లు ఎక్కడా ఎత్తలేదు.

నెలలో మొదటి ఆదివారం అందరూ వరసగా మోకరిస్తారు. పాస్టరుగారు రొట్టె ఇస్తూ ముందు నడుస్తారు. వెనకాల సంఘపెద్ద దైవాధీనంగారు నన్ను పట్టుకుని ఒక్కొక్కరి నోటికి అందిస్తారు. దేవుణ్ణి అడగనిదే ఆయన అడుగు వెయ్యరని ఊళ్లో పేరు. అడగడం నిజమే. కాకపోతే ముందు తను తేల్చేసుకుని, ఆ తర్వాత కళ్లు మూసుకుని "ప్రభువా, నీ చిత్తం" అంటారు. ఆయన చేతిలో ఉండేదాన్ని, నాకు తెలియదా?

ఒక ఆదివారం దీవెనమ్మ వంతు వచ్చింది. కూలికి పోయే మనిషి. చేతులు జోడించి తలెత్తింది. ఆమె పెదవులకు అంగుళం దూరంలో ఉన్నాను. గుప్పున సారా వాసన. ఛీ, ప్రభు బల్లకు తాగి వస్తుందా అనుకున్నాను. దైవాధీనంగారి చెయ్యి అప్పటికే పక్కకు తిరిగింది. తిరిగాక పెదవులు కదిలాయి, "ప్రభువా, నీ చిత్తం." గిన్నె ఏం చేయగలదు అంటారా? ఏమీ చేయలేదు. కానీ ఆ క్షణాన నేను సంతోషించాను, అదే నా పాపం. గురివింద తన నలుపెరగదట.

ఆమె కాసేపు అలాగే మోకాళ్ల మీద ఉండి, తర్వాత కొంగు కప్పుకుని వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత ఆమె భర్త ఆబేలు మంచాన పడ్డాడని ఎవరో చెబితే, పాస్టరుగారు నన్ను సంచిలో పెట్టుకుని దైవాధీనంగారితో వెళ్లారు. ఆ ఆదివారానికి ముందే తాటిచెట్టు మీంచి పడి నడుము విరిగిన మనిషి. మంచం కింద సారా సీసా, కర్పూరం పొట్లం. ఆ రెండూ కలిపి ఆమె పొద్దుటా సాయంత్రం అతని కాళ్లకు రుద్దుతోంది. అదే వాసన, ఆమె చేతుల్లోంచి.

పాస్టరుగారు చెంచాతో రసం పోశారు. అతని గొంతు దిగలేదు. చెంప మీదుగా కారిపోతే దీవెనమ్మ కొంగుతో తుడిచింది.

"బల్ల తీసుకోవాలని ఒకటే కలవరింతండి. మిమ్మల్ని ఇంటికి రమ్మని అడుగుదామనే ఆ ఆదివారం వచ్చాను. అప్పుడు జావ మింగేవాడు."

"మరి అడగలేదేమమ్మా?" అన్నారు దైవాధీనంగారు.

"మీరు దాటిపోయారు గదండీ. మీరు దేవుణ్ణి అడిగే చేస్తారంటారు. దేవుడే మమ్మల్ని వద్దన్నాడేమో అనుకున్నాను."

ఆమె మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆబేలు మర్నాడు పోయాడు.

ఆ తర్వాత దైవాధీనంగారు ఎవరి ముఖమూ చూడకుండా, తల వంచుకునే నన్ను అందించేవారు. ఒకసారి ఒకావిడ చీర మీద రసం ఒలికింది. పెద్దాయనకు చూపు ఆనడం లేదన్నారు. ఆయన అవునన్నారు. దీవెనమ్మ వంతు వస్తే మాత్రం నన్ను రెండు చేతులతో పట్టుకుని అందించేవారు. ఆమె తాగి, తల వంచి లేచేది.

ఇప్పుడు మనిషికో చిన్న కప్పు వచ్చింది. నేను చర్చి బీరువాలో, పాత పాటల పుస్తకాల పక్కన ఉన్నాను. వెండి పూత చాలావరకు పోయి ఇత్తడి బయటపడింది, అదీ మంచిదే. ఈ మధ్య నా తోబుట్టువే గుర్తొస్తోంది. ఆ తమ్మపడిగ తన దగ్గరికి వంగిన ఏ నోటినీ వద్దనలేదు.